ఆటలు ముగిసిన తరువాత

మానవ జీవితంలో క్రీడలకున్న స్థానం విశిష్టమైనది. ఆట శరీరానికి బలాన్ని, మనసుకు ఉల్లాసాన్ని, సమాజానికి సమైక్య భావాన్ని ప్రసాదిస్తుంది. ఓటమిని హుందాగా స్వీకరించడం, గెలుపులో ఒదిగి ఉండడం మైదానమే నేర్పుతుంది. ఇవన్నీ అందరికీ తెలిసిన విషయాలే. అయితే గడచిన కొన్ని దశాబ్దాలుగా క్రీడలకు మరొక ప్రయోజనాన్ని కూడా జోడిస్తున్నారు. ఒక మహా క్రీడోత్సవానికి ఆతిథ్యమిచ్చిన నగరం ఆర్థికంగా ఉన్నతి పొందుతుందని, అతిథులు తెచ్చే ధనంతో వ్యాపారాలు వర్ధిల్లుతాయని, పెట్టిన ఖర్చు పదింతలై తిరిగి వస్తుందని ప్రభుత్వాలు, నిర్వాహకులు చెబుతూ వస్తున్నారు. 2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం అహ్మదాబాద్ నగరానికి లభించింది. 2036 ఒలింపిక్ క్రీడలను కూడా నిర్వహించాలని భారతదేశం ఆకాంక్షిస్తున్నది. ఇట్టి తరుణంలో ఈ మాటలో నిజమెంత, లాభం ఎవరికి, భారం ఎవరిది అనే ప్రశ్నలను నిష్పక్షపాతంగా పరిశీలించడం అవసరం.

ఈ ప్రశ్నలను మహానగరాల నుండి కాక ఒక చిన్న పట్టణం నుండి చూడడం మేలు. గోదావరి ఎడమగట్టు వైపు, మంచిర్యాలను ఆనుకొని ఉన్న నస్పూర్ అట్టి పట్టణం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో భాగమైన ఈ ఊరు 2018లో పురపాలక సంఘమై, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో విలీనమయింది. దీని చుట్టూ ఉన్నవి శ్రీరాంపూర్ ప్రాంతపు సింగరేణి బొగ్గుగనులు. జనం నేటికీ ఈ ఊరిని ‘సీసీసీ నస్పూర్’ అనే పిలుస్తారు. అవి కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే కర్మాగారం పేరులోని తొలి అక్షరాలు. కర్మాగారం కాలగర్భంలో కలిసిపోయింది. పేరు మాత్రం కూడలికీ కాలనీకీ మిగిలింది. గనిలో బొగ్గు ఉన్నంత కాలం ఊరు కళకళలాడుతుంది. బొగ్గు తరిగిపోయిన నాడు ఏమిటన్న చింత కార్మికుల ఇళ్లలో ఎప్పుడూ ఉంటుంది. సంపద వచ్చే రోజును మాత్రమే కాక, అది వెళ్లిపోయే రోజును కూడా లెక్కలోకి తీసుకోవాలన్న పాఠాన్ని గనుల ప్రాంతానికి అనుభవమే నేర్పింది. క్రీడోత్సవాల ఆర్థిక ఫలితాన్ని తూచడానికి ఇంతకంటే సరియైన త్రాసు లేదు.

తెలుగు నేలపై ఈ విషయానికి ప్రత్యక్ష ఉదాహరణ హైదరాబాదు. 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలకు ఆ నగరం ప్రధాన వేదిక అయింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు తొలి ఆఫ్రో-ఆసియా క్రీడలు అక్కడ జరిగాయి. 2001లో న్యూఢిల్లీలో జరగవలసిన ఆ క్రీడలు వాయిదాపడి, తుదకు హైదరాబాదుకు వచ్చాయి. 2007 అక్టోబరులో సుమారు నూరు దేశాల సైనిక క్రీడాకారులు పాల్గొన్న ప్రపంచ సైనిక క్రీడలకు కూడా హైదరాబాదే ఆతిథ్యమిచ్చింది. ఐదేళ్ల వ్యవధిలో మూడు మహోత్సవాలు! వీటి నిమిత్తం గచ్చిబౌలిలో అథ్లెటిక్స్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈత కొలనులు వెలిశాయి. నగరంలోని ఇతర ప్రాంతాలలోనూ క్రీడా భవనాలు సమకూరాయి. గచ్చిబౌలి అథ్లెటిక్స్ స్టేడియానికి, లోక్‌సభ స్పీకరు పదవిలో ఉండగానే 2002లో అకాల మరణం చెందిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు.

ఈ ఉత్సవాల వలన హైదరాబాదుకు మేలు జరగలేదని ఎవరూ అనజాలరు. ప్రారంభోత్సవపు గడువును దృష్టిలో ఉంచుకొని చేసే పనులు మామూలు రోజులలో ఏళ్ల తరబడి సాగుతాయి. గడువు ఉన్నందునే నిధులు కదులుతాయి, కార్యాలయాల మధ్య దస్త్రాలు పరుగెత్తుతాయి. భవన నిర్మాణ కార్మికులకు పని దొరుకుతుంది. హోటళ్లు, అద్దె వాహనాలు, చిరుతిండి బండ్లు నాలుగు రోజులు నాలుగు డబ్బులు చూస్తాయి. నగరం పేరు నలుదిశలా వినబడుతుంది. ఇవి ఉత్సవ సమర్థకులు చూపే లాభాలు. వీటిలో అసత్యం లేదు. అయితే ఇవి ఎంత, ఎన్నాళ్లు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే లెక్క పూర్తి కాదు.

ముందుగా ఒక తర్కదోషాన్ని గుర్తించవలసి ఉన్నది. గచ్చిబౌలి పరిసరాలు నేడు ఆకాశహర్మ్యాలతో నిండిపోయాయి గనుక, అదంతా క్రీడల పుణ్యమేనని కొందరు వాదిస్తారు. కాని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం 1998లోనే ప్రారంభమయింది. గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ అదే ఏడాది వెలిసింది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో ఆరంభమయింది. కేంద్రీయ విశ్వవిద్యాలయం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుండే అక్కడ ఉన్నది. అంటే ఆ ప్రాంతం అప్పటికే పెరుగుదల బాట పట్టింది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనుకోవడం పొరపాటు. దీనినే పెద్దలు కాకతాళీయమన్నారు. ఒక సంఘటన తరువాత వచ్చినదంతా ఆ సంఘటన ఫలమే అనుకోవడం ఆర్థిక విచారణలో అన్నింటికంటే సులువుగా దొర్లే తప్పు.

ఇక ఉత్సవ దినాలలో వచ్చే ఆదాయం సంగతి. సాధారణంగా నిర్వాహకులు ప్రేక్షకుల సంఖ్యను తీసుకొని, ఒక్కొక్కరు పెట్టే ఖర్చుతో గుణించి, ఆ ధనం చేతులు మారుతూ మరింత ఆదాయాన్ని సృష్టిస్తుందని ఇంకొక అంకెతో గుణించి, పెద్ద మొత్తాన్ని ప్రకటిస్తారు. ఈ లెక్కలో మూడు తీసివేతలు ఉంటాయి. వాటిని చేయకుండా వదిలిపెట్టడం వల్లనే మొత్తం అంత పెద్దదిగా కనబడుతుంది.

మొదటిది స్థానభ్రంశం. నస్పూర్‌లో ఉండే ఒక గని కార్మికుని కుటుంబం ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ పోటీ చూడడానికి హైదరాబాదు వెళ్లిందనుకొందాం. టికెట్లకు, ప్రయాణానికి, భోజనానికి, బసకు ఐదు వేల రూపాయలు ఖర్చయ్యాయి. హైదరాబాదు పద్దులో అది కొత్త ఆదాయం. కాని ఆ ఐదు వేలు ఎక్కడి నుండి వచ్చాయి? ఆ నెలలో మంచిర్యాల బట్టల దుకాణంలోనో, శ్రీరాంపూర్ హోటలులోనో, ఊరి దర్జీ వద్దనో ఖర్చు కావలసిన సొమ్ము అది. రాజధాని గల్లా నిండిన మేరకు పల్లె, పట్టణాల గల్లా వెలితిపడింది. రాష్ట్రమంతటినీ ఒక కుటుంబంగా భావిస్తే, ఎడమ జేబులోని డబ్బు కుడి జేబులోకి మారినది తప్ప కుటుంబ సంపద పెరగలేదు. రాష్ట్రం బయటి నుండి, ముఖ్యంగా దేశం బయటి నుండి వచ్చిన వారి ఖర్చు మాత్రమే నిజమైన చేరిక.

రెండవది తప్పుకొన్నవారి లెక్క. ఉత్సవ సమయంలో హోటళ్ల అద్దెలు పెరుగుతాయి, దారులు మూసుకుపోతాయి, రద్దీ హెచ్చుతుంది. అందుచేత చికిత్సకో, వ్యాపారానికో, విహారానికో రావలసిన ఇతరులు తమ ప్రయాణాలను మానుకొంటారు. వచ్చినవారిని లెక్కించే నిర్వాహకులు, రాకుండా పోయినవారిని లెక్కించరు. మూడవది కారిపోయే ధనం. ప్రసార హక్కులు, ప్రాయోజకుల ఒప్పందాలు, ఖరీదైన పరికరాల కొనుగోళ్లు మొదలైన వాటి ద్వారా వచ్చే పెద్ద మొత్తాలు చాలావరకు అంతర్జాతీయ క్రీడా సంస్థలకు, దూరదేశపు కంపెనీలకు చేరిపోతాయి. చిల్లుకుండలో నీరు పోసినట్లు, పోసినదంతా కుండలో నిలవదు.

ఈ మూడు తీసివేతలు ఎంత ముఖ్యమో హైదరాబాదులోనే జరిగిన మరొక సంఘటన తెలుపుతున్నది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. దాని వలన నగరానికి దాదాపు 8 కోట్ల 40 లక్షల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని ప్రకటన వెలువడింది. పందెం నిమిత్తం ట్యాంక్‌బండ్ పరిసరాల రహదారులు మూసివేసిన రోజులలో సామాన్య ప్రయాణికుడు కోల్పోయిన సమయం ఆ అంకెలో ఎంతవరకు తీసివేయబడిందన్నది అడగవలసిన ప్రశ్న. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండవ పందెం రద్దయింది. ఒప్పందాల వ్యవహారం దర్యాప్తులకు, న్యాయస్థానాలకు చేరింది. అందులోని ఒప్పులూ తప్పులూ తేల్చవలసినది న్యాయస్థానాలే. ఇక్కడ గ్రహించవలసినది ఒక్కటే: ఏటేటా వస్తుందనుకొన్న ఉత్సవం మరుసటి ఏటికే రాకుండా పోవచ్చు. ఆఫ్రో-ఆసియా క్రీడల కథా అంతే. 2003లో హైదరాబాదులో ఎంతో వైభవంగా మొదలైన ఆ క్రీడలు మరెన్నడూ, మరెక్కడా జరగలేదు.

ఆదాయం అంచనాకంటే తగ్గడం ఒక ముప్పు అయితే, వ్యయం అంచనాకంటే పెరగడం అంతకు మించిన ముప్పు. 2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ క్రీడలపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011లో నివేదిక సమర్పించారు. 2003లో ఆతిథ్యానికి దరఖాస్తు చేసినప్పుడు సుమారు 1,200 కోట్ల రూపాయలుగా ఉన్న అంచనా తుదకు 18,532 కోట్లకు చేరిందని ఆ నివేదిక వెల్లడించింది. కెనడాలోని మాంట్రియల్ నగరం 1976 ఒలింపిక్ క్రీడల కొరకు చేసిన అప్పును తీర్చడానికి 30 ఏళ్లు పట్టింది. 2006లో గాని ఆ రుణం తీరలేదు. అందుకు పొగాకుపై ప్రత్యేక పన్ను విధించవలసి వచ్చింది. ఆటలు చూసిన తరం వృద్ధాప్యానికి చేరువైంది. ఆటలనాటికి పుట్టనివారు కూడా ఆ అప్పులో పాలుపంచుకొన్నారు.

ఖర్చు ఇంతగా ఎందుకు పెరుగుతుంది? దీనికి కారణం పెళ్లి చేసిన ప్రతి ఇంటికీ తెలిసినదే. ముహూర్తం నిశ్చయమైన తరువాత బేరమాడే శక్తి ఇంటివారికి ఉండదు. పందిరివాడు అడిగినంత ఇవ్వక తప్పదు. వంటవాడు కోరిన సరుకు తెప్పించక తప్పదు. క్రీడోత్సవానికి ముహూర్తం ఏడేళ్ల ముందే నిర్ణయమవుతుంది, ప్రపంచమంతా ఎదురుచూస్తుంటుంది. పనులు ఆలస్యమైతే రాత్రింబవళ్లు రెట్టింపు కూలితో చేయించాలి. టెండరు నియమాలు సడలుతాయి. పరువు పోతుందన్న భయం ముందు పద్దు చిన్నబోతుంది. ఆ సమయంలో ‘ఎంతవుతుంది?’ అని అడిగినవానిని శుభకార్యంలో అశుభం పలికినవానిగా చూస్తారు.

ఇంతకూ అసలైన భారం ఉత్సవం ముగిసిన మరునాటి నుండి మొదలవుతుంది. ఏనుగును కొనడం కంటే మేపడం కష్టం. వేలాదిమంది కూర్చునే స్టేడియానికి పచ్చిక, పరుగుబాట, విద్యుత్తు, నీరు, కాపలా, మరమ్మతు ప్రతిరోజూ కావాలి. ప్రేక్షకులు మాత్రం ప్రతిరోజూ రారు. 2004 ఒలింపిక్ క్రీడలకై గ్రీసు రాజధాని ఏథెన్సులో నిర్మించిన వేదికలలో పలుచోట్ల పిచ్చిమొక్కలు మొలిచాయి. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడలకు నిర్మించిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్నే 2010 క్రీడల కొరకు భారీ వ్యయంతో తిరిగి తీర్చిదిద్దవలసి వచ్చింది. హైదరాబాదు వేదికలు పూర్తిగా నిరుపయోగం కాలేదు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. బాలయోగి స్టేడియం తరువాతి కాలంలో ఫుట్‌బాల్ పోటీలకు వేదికయింది. అయితే సంగీత ప్రదర్శనలకు, సినీ వేడుకలకు కూడా అదే ప్రాంగణం నిలయం కావలసి వచ్చింది. ఆ ప్రాంగణంలోని బహుళ అంతస్తుల వసతి భవనాన్ని 2020లో కరోనా మహమ్మారి విజృంభించినపుడు ఆసుపత్రిగా మార్చారు. ఆపత్కాలంలో భవనం అక్కరకు రావడం మంచిదే. కాని ఆటగాళ్ల వసతి భవనం అంత సులువుగా మరొక పనికి దొరికిందంటే, దానికి స్థిరమైన నిత్య ప్రయోజనం ముందుగా నిర్ణయించి ఉండలేదని అర్థం చేసుకోవచ్చు.

అలాగని అన్ని నగరాలూ నష్టపోయాయని చెప్పడం న్యాయం కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ 1984 ఒలింపిక్ క్రీడలను నిర్వహించి 20 కోట్ల డాలర్లకు పైగా మిగులు సాధించింది. ఆ నగరం కొత్త స్టేడియాలను విస్తారంగా కట్టలేదు. 1932 ఒలింపిక్ క్రీడలు జరిగిన పాత స్టేడియాన్నే ముఖ్య వేదికగా వాడుకొన్నది. మిగులులో కొంత భాగంతో బాలబాలికల క్రీడాభివృద్ధికి ఒక నిధిని ఏర్పరచింది. స్పెయిన్‌లోని బార్సిలోనా 1992 క్రీడల సందర్భంగా తన సముద్రతీరాన్ని పునరుద్ధరించుకొన్నది. అయితే నగర పునర్నిర్మాణ సంకల్పం అక్కడ ముందే ఉన్నది, క్రీడలు దానికి తోడయ్యాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం వ్యయం హద్దు మీరుతుందని గ్రహించి, 2023లో కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం నుండి వైదొలగింది. ఆ 2026 క్రీడలను స్వీకరించిన స్కాట్లండులోని గ్లాస్గో నగరం వాటిని 10 క్రీడాంశాలకు కుదించి, ఉన్న 4 వేదికలలోనే ఏర్పాటు చేయడానికి నిశ్చయించింది. లాభపడిన నగరాలకు ఒక సామాన్య లక్షణం ఉన్నది. అవి ఉత్సవానికి తగినట్లు ఊరిని మార్చలేదు. ఊరికి తగినట్లు ఉత్సవాన్ని మలచుకొన్నాయి.

హైదరాబాదులోనే దీనికి ప్రతిగా నిలిచే ఒక చిన్న ఉదాహరణ ఉన్నది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయిన పుల్లెల గోపీచంద్‌కు అప్పటి ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాల స్థలం కేటాయించింది. దాతల సహాయంతో ఆయన నిర్మించిన శిక్షణ కేంద్రం 2008లో ప్రారంభమయింది. అక్కడ ప్రారంభోత్సవపు బాణసంచా కంటే తెల్లవారుజామున మొదలయ్యే సాధన ముఖ్యం. ఆ కేంద్రంలో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్యం, పి.వి. సింధు 2016 రియో క్రీడలలో రజతం గెలిచారు. బ్యాడ్మింటన్ అనగానే హైదరాబాదు గుర్తుకు రావడానికి ఏ ఒక్క మహోత్సవమూ కాదు, ఏళ్ల తరబడి నిలిచిన ఈ నిత్యకృత్యమే కారణం. దేశం నలుమూలల నుండి పిల్లలు అక్కడికి రావడం, వారితో తల్లిదండ్రులు వచ్చి నివసించడం, పరికరాల వ్యాపారం పెరగడం కూడా ఆర్థిక ప్రభావమే. అది తొమ్మిది రోజులకు ముగిసేది కాదు.

ఇప్పుడు తిరిగి నస్పూర్ వైపు చూడాలి. సింగరేణి సంస్థలో వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఆధ్వర్యాన ఏటా ప్రాంతాలవారీగా, ఆపైన కంపెనీ స్థాయిలో పోటీలు జరుగుతాయి. శ్రీరాంపూర్‌లోని ప్రగతి స్టేడియం వంటి మైదానాలు ఆ వ్యవస్థలో భాగమే. భూగర్భంలో పని చేసి పైకి వచ్చిన కార్మికుడు సాయంత్రం వాలీబాల్ ఆడే సంప్రదాయం గనుల ప్రాంతానికి కొత్త కాదు. ప్రతిభ మహానగరాలలోనే పుడుతుందన్న నియమం ఎక్కడా లేదు. 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో పుట్టింది. ఉత్తర తెలంగాణ పల్లెలు, పట్టణాలు ఇట్టివారిని మరెందరినో ఇవ్వగలవు. వారికి కావలసినది లక్షమంది కూర్చునే మేడ కాదు. నడిచి వెళ్లగల దూరంలో ఒక సమతలమైన మైదానం, ఒక శిక్షకుడు, ఆడపిల్లలకు భద్రత, కడుపునిండా పుష్టికరమైన ఆహారం.

ఆర్థికశాస్త్రంలో అవకాశ వ్యయమనే భావన ఒకటి ఉన్నది. ఒక పని మీద రూపాయి ఖర్చు చేసినప్పుడు, అదే రూపాయితో చేయగలిగి కూడా వదులుకొన్న మేలైన పని ఏదో అదే ఆ ఖర్చుకు నిజమైన వెల. రాజధానిలో ఒక స్టేడియానికి వెచ్చించిన నిధికి నిజమైన వెల సిమెంటు, ఉక్కు కాదు; జిల్లాలలో కట్టకుండా మిగిలిపోయిన మైదానాలు, నియమించకుండా వదిలేసిన శిక్షకులు. ఆ నిధిలో నస్పూర్ చెల్లించిన పన్ను కూడా ఉన్నది. గని కార్మికుని జీతం నుండి ఆదాయపు పన్ను పోతుంది; అతడు కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను పోతుంది. ఉత్సవపు ఖర్చు రాష్ట్రమంతా పంచుకొని, ఉత్సవపు వెలుగు ఒక్క నగరమే అనుభవించడం ధర్మమేనా అని ప్రశ్నించే హక్కు ఈ ఊరికి ఉన్నది.

ఉత్సవ సమర్థకులు ఇక్కడ ఒక బలమైన మాట అంటారు. ఆనందానికి వెల కట్టలేమని, దేశగౌరవాన్ని రూపాయలలో కొలవలేమని, స్టేడియంలో త్రివర్ణ పతాకం ఎగరడం చూసిన బాలిక హృదయంలో కలిగే స్ఫూర్తి ఏ పద్దులోనూ ఇమడదని వారి వాదన. ఈ మాట నిజం. సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లే భక్తుడు లాభనష్టాలు బేరీజు వేసుకొని వెళ్లడు. ఊరికి పండుగ కావాలి. కాని పండుగ అని చెప్పి ఖర్చు చేయడం ఒకటి, పెట్టుబడి అని చెప్పి ఖర్చు చేయడం మరొకటి. పండుగకు ఇంటివారు తమ శక్తికి తగినంత పక్కన పెట్టుకొంటారు. తిరిగి వస్తుందని ఆశించరు. తిరిగి వస్తుందని నమ్మబలికి అప్పు చేయించినప్పుడే చిక్కు వస్తుంది. అప్పు చేసి పప్పుకూడు తినరాదన్నది ఇళ్లకు ఎంత వర్తిస్తుందో ప్రభుత్వాలకూ అంతే వర్తిస్తుంది. ఉత్సవాన్ని ఉత్సవంగానే ప్రజల ముందు ఉంచి, ‘ఇంత ఖర్చవుతుంది, ఇది తిరిగి రాదు, అయినా కావాలా?’ అని అడగడంలో నిజాయితీ ఉన్నది.

పెట్టుబడి అని చెప్పదలచుకొన్నవారికి మాత్రం బొగ్గుగనులే ఒక దారి చూపుతున్నాయి. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండితీరాలి. బొగ్గు అయిపోయిన తరువాత ఆ నేలను ఎలా చక్కదిద్దాలి, గుంతలను ఎలా పూడ్చాలి, చెట్లను ఎక్కడ పెంచాలి, పరిసర ప్రజల జీవనోపాధి ఏమి కావాలి అనే విషయాలన్నీ అందులో ముందే చెప్పాలి. మాటలతో సరిపెట్టుకోకుండా, అందుకు కావలసిన సొమ్మును ఏటేటా ఎస్క్రో ఖాతా అనే ప్రత్యేక ఖాతాలో జమ చేయాలి. ఆ సొమ్మును కంపెనీ తన ఇష్టం వచ్చినట్లు వాడుకోజాలదు. ముగింపును ఆలోచించిన తరువాతనే ఆరంభానికి అనుమతి అన్నది దీని సారాంశం. భూమిని తవ్వేవారికి విధించిన ఈ నియమాన్ని, భూమిపై మేడలు కట్టేవారికి ఎందుకు విధించరాదు?

కావున మహా క్రీడోత్సవానికి ఆతిథ్యం కోరే ఏ ప్రభుత్వమైనా మూడు షరతులకు లోబడడం సముచితం. ఒకటి, కట్టబోయే ప్రతి వేదికకూ ఉత్సవానంతర ప్రణాళికను దరఖాస్తుకు ముందే ప్రజల ఎదుట పెట్టాలి. ఏ కళాశాల, ఏ శిక్షణ కేంద్రం, ఏ కాలనీ దానిని రోజూ వాడుకొంటుందో పేర్లతో సహా చెప్పాలి. చెప్పలేని వేదికను తాత్కాలికంగా నిర్మించి, ఆటలు ముగియగానే విప్పివేయాలి. రెండు, కనీసం 20 ఏళ్ల నిర్వహణకు కావలసిన సొమ్మును నిర్మాణ వ్యయంలో భాగంగానే లెక్కించి, గనుల విషయంలో వలె విడిగా జమ చేయాలి. మూడు, రాజధాని వేదికలపై పెట్టే ప్రతి వంద రూపాయలకు నిర్ణీతమైన భాగాన్ని జిల్లాల మైదానాలకు, శిక్షకుల జీతాలకు కేటాయించాలి. ఉత్సవానికి ముందు ప్రకటించిన లాభాల అంచనాలను ఐదేళ్ల తరువాత స్వతంత్రమైన ఆడిట్ సంస్థ పరిశీలించి, నిజమైన ఫలితాన్ని శాసనసభ ముందుంచాలి. జోస్యం చెప్పినవాడు ఫలితం నాడు కూడా సభలో ఉండాలి కదా!

ఈ షరతుల వలన ఉత్సవాలు ఆగిపోతాయని భయపడనక్కరలేదు. పటిష్ఠమైన ప్రణాళిక గల నగరానికి ఇవి అడ్డంకి కావు. ప్రణాళిక లేని నగరాన్ని ఇవి అప్పుల ఊబి నుండి కాపాడతాయి. హైదరాబాదు వంటి నగరానికి 2002 నుండి సమకూరిన వేదికలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని బాగుచేసి, నిత్య శిక్షణకు అప్పగించి, వాటితోనే నిర్వహించగల పోటీలను ఆహ్వానిస్తే ఆతిథ్యమూ దక్కుతుంది, ఆదాయమూ మిగులుతుంది. కొత్త మేడ కట్టడమే ఘనత అనుకొనే మనస్తత్వం మారాలి. ఉన్నదానిని నిలుపుకోవడం, నలుగురికీ అందుబాటులోకి తేవడం అంతకంటే గొప్ప ఘనత.

నేటి విద్యార్థులు రేపటి పన్ను చెల్లింపుదారులు, ఓటర్లు. తమ ఊరికి గాని, రాష్ట్రానికి గాని ఒక మహోత్సవం వస్తున్నదని విన్నప్పుడు వారు సంతోషించడంలో తప్పులేదు. కాని ఆ సంతోషంతో పాటు కొన్ని ప్రశ్నలను కూడా వెంట ఉంచుకోవాలి. ఈ ధనం ఎవరిది? చెప్పిన లాభంలో కొత్తగా వచ్చినదెంత, చేతులు మారినదెంత? పదేళ్ల తరువాత ఈ మైదానం తాళం ఎవరి చేతిలో ఉంటుంది? దాని పచ్చికకు నీళ్లు ఎవరు పోస్తారు? నస్పూర్‌లో పరుగెత్తాలని ఆశపడే బాలికకు ఇందులో భాగమేమిటి? ఈ ప్రశ్నలకు ముందే సూటిగా సమాధానం చెప్పగలిగిన ఉత్సవం ఊరికి సంపద. చెప్పలేని ఉత్సవం పెళ్లి పందిరి వంటిది. మూడు రోజులు కన్నులపండువుగా ఉంటుంది. పందిరి విప్పిన తరువాత గుంజలు పాతిన గుంతలూ, తీర్చవలసిన బాకీలూ మిగులుతాయి.